పన్నెండు కణుపులు

పదో చిత్రం దగ్గర కూడా ఎర్రదీపం వెలిగింది.

“జవాబు లేదు. నిర్ధారించండి,” అంది గోడలోంచి తూనిక, పిల్లల మాటల్ని కొలిచే యంత్రం.

వకుళ మీట మీద బొటనవేలు ఆనించింది. పలుకు కేంద్రంలో పద్నాలుగు గదులు, అన్నిటికీ ఒకటే గడియారం. అన్ని గదుల్లో ఒకేసారి ఒకే చిత్రం వస్తుంది, నాలుగు సెకన్లకు దీపం వెలుగుతుంది, పద్నాలుగు వేళ్లు మీట నొక్కుతాయి. ఒక్క వేలు నొక్కకపోయినా గడియారం ముందుకు కదలదు. అలా ఎప్పుడూ జరగలేదు.

ఎదురుగా ఆరేళ్ల ఎస్తేరు. ఒళ్లో గుడ్డబొమ్మ. ఇది మూడో పరీక్ష. ఇరవై చిత్రాల్లో ఐదింటికైనా జవాబు చెప్పకపోతే మధ్యాహ్నం గొంతుపట్టీ కడతారు. ఇక పిల్ల ఏం చెప్పబోతుందో పట్టీయే ఊహించి, అందరికీ ఇచ్చే ఆ ఒకే తియ్యని గొంతుతో చెప్పేస్తుంది. కట్టిన ఏడాదికల్లా పిల్లలు సొంతంగా నోరు విప్పడం మానేస్తారు. ఓడల మీద పనికెళ్లినవాళ్ల కుటుంబాలుండే ఈ ఓడల కాలనీలో వకుళ ఇప్పటికి నలభై ఒక్కమందికి పట్టీ కట్టింది.

విరామంలో పిల్ల మేనమామ దానియేలు నీళ్లసీసాతో లోపలికొచ్చాడు.

“ఇంట్లో బాగానే మాట్లాడుద్ది మేడమ్. ఇక్కడికొస్తేనే బెల్లం కొట్టిన రాయి.”

“ఇంట్లో ఎవరితో?”

“వాళ్లమ్మతో. రోజూ పొద్దున్నే అరగంట. మా అక్క సలోమి అంతరిక్షంలో తవ్వకపు ఓడెక్కింది గదా, ఇది పాలు మానినప్పుడే. నాతో ఏం మాట్లాడుద్దిలే! నేను వల తగిలించే మేకునంట, ఊరికే పడుంటానంట.”

“పట్టీ సంగతి ఆమెకు చెప్పారా?”

దానియేలు నవ్వు ఆగిపోయింది. “చెప్పా. ‘ఎదురుగా ఉంటే ముట్టుకునేదాన్ని తమ్ముడూ. ఇంత దూరాన నాకున్నది దాని గొంతొక్కటే. అదీ తీసేసుకుంటారా?’ అని ఏడ్చింది.”

వకుళ తల తిప్పి పిల్ల వైపు చూసింది. ఎస్తేరు నేల మీద కూర్చుని గుడ్డబొమ్మను ఎదురుగా నిలబెట్టింది.

“అమ్మా, అన్నం తిన్నావా?”

ఆ తర్వాత బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ పోయింది. చూపుడు వేలికి మూడు, నడిమి వేలికి మూడు. తొందర లేదు. చిటికెన వేలి చివరికి చేరేసరికి పన్నెండు. అప్పుడు గొంతు మార్చి, “తిన్నా బంగారం. నువ్వో?” అంది. మళ్లీ పన్నెండు కణుపులు. “నేనూ తిన్నా.”

వకుళ దానియేలు వైపు తిరిగింది.

“ఎందుకలా లెక్కపెడుతోంది?”

“ఓడదాకా మాట పోయి రావడానికి పన్నెండు సెకన్లు మేడమ్. అడిగాక అంతసేపు ఆగితేనే జవాబొస్తది. ఇది మాటలు నేర్చుకుందే అట్ట. కాలనీలో పిల్లలంతా ఇంతే, అట్టనే ఆడుకుంటారు.”

పిల్లలంతా. నలభై ఒక్కమంది.

గంట మోగింది. వకుళ గోడ వైపు తిరిగింది. “తూనికా, గడువు పన్నెండు సెకన్లు చెయ్యి.”

“అనుమతి లేదు. పదకొండో చిత్రం.”

ఒడ్డున ఒక పాప. దూరంగా పడవ.

“ఇందులో ఏం జరుగుతోంది, ఎస్తేరూ?”

నాలుగు సెకన్లు. ఎర్రదీపం.

“జవాబు లేదు. నిర్ధారించండి.”

వకుళ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

“నిర్ధారించండి. ఏడో గది వల్ల పదమూడు గదులు ఆగి ఉన్నాయి.”

“మేడమ్, మీ ఉద్యోగం...” అన్నాడు దానియేలు గొంతు తగ్గించి.

“ష్. ఇప్పుడు తన వంతు.”

బల్ల కింద చిన్న బొటనవేలు కదులుతూనే ఉంది. తొమ్మిది. పది. పదకొండు. చిటికెన వేలి చివరి కణుపు.

“పడవలో అమ్మ ఉంది,” అంది ఎస్తేరు. కొంచెం బొంగురు గొంతు. “పాప పిలిచింది. అమ్మ మాట వచ్చేసింది. అమ్మే ఇంకా రాలేదు.”

దానియేలు మొహం గోడకు తిప్పుకున్నాడు.

“ఆలస్యపు జవాబు చెల్లదు. నిర్ధారించండి.”

వకుళ చేతులు కదల్లేదు. ఆగిపోయిన కేంద్రంలో మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత పక్కగదిలో అదే చిత్రానికి జవాబు చెబుతూ ఒక పిల్లాడి గొంతు మెల్లగా మొదలైంది. ఆ అవతలి గదిలో ఇంకొకటి. నడవా చివర మరొకటి.

ఎస్తేరు తలెత్తి వింది. తనకు తెలిసిన పద్ధతిలో వాళ్ల కోసం ఆగుతూ, బొటనవేలు మళ్లీ మొదటి కణుపు మీద పెట్టింది.