ఉత్తరపు మూల తెల్లావిడ

మా రేవులోని పెద్ద చర్చిలో ఉత్తరపు మూల ఉందే — పొద్దుగూకాక అటు వెళ్ళినవాళ్ళు, వెళ్ళినట్టు తిరిగి రాలేదు. ఒకడికైతే మీసాలు రాలిపోయాయి. బిషప్పుగారంతటాయన ఆ మూల తప్పించుకోవడానికి ఊరంతా చుట్టి వచ్చేవారట. మసిపట్టిన గోడకి ఆనుకుని ఒక తెల్లావిడ... అలా నిలబడే ఉంటుందని.

వందల ఏళ్ళ మసి వదిలించడానికి పనివాళ్ళు దిగారు. అన్ని గోడలూ తేటపడ్డాయి, ఆ మూల తప్ప.

పనివాళ్ళలో ఒకతి, నోల్వెన్, తను వెళ్తానంది. ఆ గోడ దగ్గరే వాళ్ళమ్మ సోయిజిక్, చేపలమ్ముకుని వచ్చి, పక్కనున్న మరియమ్మ విగ్రహానికి రోజూ కొవ్వొత్తి వెలిగించేది. ఆవిడ కొడుకు మలో, ఏడేళ్ళవాడు, తండ్రితో పడవెక్కి పోయి మరి రాలేదు. "వాణ్ణి నా దగ్గరికి పంపు తల్లీ" అని మరియమ్మని అడగడం... ఒంటరిగా రావడం, ఒంటరిగా పోవడం. కిందటి చలికాలం ఆవిడా పోయింది. అన్నేళ్ళు అడిగినా ఆ తల్లి పలకలేదే — అదే నోల్వెన్ గుండెలో ముల్లు.

"తెల్లావిడ కనిపిస్తే నేనడిగానని చెప్పు," అన్నాడు మేస్త్రీ ఎర్వాన్, దూరంగా నిలబడి.

"నువ్వే వచ్చి చెప్పు బాబాయ్."

"నాకు మోకాళ్ళ నొప్పులే పిల్లా."

చీకటి పడుతుండగా నోల్వెన్ దీపం కింద పెట్టి, గోడంతా రబ్బరు పాలు పూసింది. తెల్లారేసరికి అది ఆరి తోలు కడుతుంది. ఒలిస్తే మసంతా దానితోనే ఊడొస్తుంది. పూస్తుంటే... భుజం పక్కన ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు. చేపల వాసన —

చెయ్యి మాత్రం ఆపలేదు.

పొద్దున ఎర్వానూ తనూ కలిసి తోలు ఒలిచారు. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టారు.

నల్లటి మసి మధ్య, తెల్లగా ఒక ఆడమనిషి. బుట్ట మోసి మోసి దిగిపోయిన కుడి భుజం.

ఎర్వాన్ టోపీ తీశాడు. "దెయ్యం కాదే... రోజూ ఆనుకుని ఆనుకుని అక్కడ మసి చెరిగిపోయింది. మీ అమ్మే."

నోల్వెన్ గోడ వైపు చూసింది. బోసిగా, తెల్లగా ఉంది. అమ్మని తన చేతులతోనే చెరిపేసింది.

"ఇది నేనుంచుకుంటా బాబాయ్."

"ఈ మసిలో సీసం ఉందమ్మా. విషం. పీపాలో వేసి మూత బిగించాల్సిందే."

చుట్టబోతూ, పక్కన అంటుకుపోయిన మడత విప్పాడు. ఆగిపోయాడు.

"మీ అమ్మ ఒక్కతే వచ్చేదన్నావుగా..."

అమ్మ నడుముకి ఆనుకుని ఇంకో తెల్లటి ఆకారం. ఏడేళ్ళ పిల్లాడంత. ఆమె చేతి కిందికి తల దూర్చి...

అమ్మ తల మాత్రం అవతలికి, మరియమ్మ వైపు తిరిగి ఉంది.