ఐదో ఫిర్యాదు

"రొట్టెల దుకాణం ఆయన నిన్న సాయంత్రం ఆరింటికి చనిపోయాడు," అన్నాడు చీఫ్. "చంపింది సొంత బావమరిది. రొట్టెలు కోసే కత్తితోనే."

టేబుల్ మీద మూడు ఫొటోలు పరిచాడు. ఎదుటి కుర్చీలోని ఏజెంట్ వాటిని ఒక్కొక్కటిగా, నిదానంగా చూశాడు. ఏ పనీ హడావిడిగా చెయ్యడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని 'తాపీ' అనేవారు. అసలు పేరు ఒక ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఎక్కడుందో చీఫ్‌కి ఒక్కడికే తెలుసు.

"మిగతా ఇద్దరూ?"

"అదే వీధి. ఈమెని తోడికోడలు మేడ మీంచి తోసేసింది. ఈ పెద్దాయన్ని ఎవరూ ముట్టుకోలేదు. తన పేరు బయటపడిందని తెలియగానే గుండె ఆగిపోయింది."

"ఎక్కడ బయటపడింది?"

చీఫ్ తన ఫోన్ తీసి స్క్రీన్ చూపించాడు. అందరి ఫోన్లలోనూ ఉండే 'పొరుగు' యాప్. పక్కింట్లో ఏదైనా తేడాగా కనిపిస్తే ఒక బటన్ నొక్కాలి, కారణం ఎంచుకోవాలి, పంపెయ్యాలి. పంపినవాళ్ల పేరు రహస్యం. ఫిర్యాదుకి పది పాయింట్లు. పాయింట్లు పెరిగితే పిల్లలకి మంచి బడిలో సీటు, ఆసుపత్రి క్యూలో ముందు వరస.

"నిన్న మధ్యాహ్నం ఆ వీధిలో నలభై ఇళ్ల ఫోన్లలో కొత్త పేజీ వచ్చింది. 'మీ ఇంటి మీద ఫిర్యాదు చేసినవారు' అని. కింద పేర్లు, తేదీలు. అది ట్రయల్. అసలుది ఇవాళ పదకొండింటికి, యాప్ అప్‌డేట్‌తో పాటు దేశమంతటికీ."

"ఎవరి పని?"

"సముద్రం అవతలి ముఠా. ఒక్క తూటా ఖర్చు లేదు వాళ్లకి. పొయ్యి మనదే, కట్టెలూ మనవే. వాళ్లు అగ్గిపుల్ల గీస్తే చాలు."

తాపీ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. గదిలో ఏసీ చల్లగానే ఉంది.

"లోపల వాళ్ల మనిషి?"

"కోయిల."

ఆమె ముఖం ఎక్కువమంది ఎరగరు. గొంతు మాత్రం ఊరూవాడా ఎరుగును. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు పంపినా, 'మీ ఫిర్యాదు అందింది, ధన్యవాదాలు' అని తేనెలా పలికేది ఆ గొంతే.

"రెండేళ్లుగా ముఠాలో మనం పెట్టిన మనిషి అనుకున్నాం," అన్నాడు చీఫ్. "కోయిల గుడ్డు ఎవరి గూట్లో పెడుతుందో చిన్నప్పుడే చదువుకున్నాం. అయినా కాకులం అయ్యాం."

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది. సర్వర్‌కి వాయిస్ లాక్ ఉంది. కోయిల మైకు ముందు నిలబడి 'వదులు' అంటే వదులుతుంది, 'ఆపు' అంటే ఆపుతుంది. ఇంకొకరి గొంతు వినదు. రికార్డింగ్ పెడితే నమ్మదు. కరెంటు తీసేసినా లాభం లేదు, అప్‌డేట్ అప్పటికే పన్నెండు ఊళ్ల సర్వర్లలో చేరి కూర్చుంది. పదకొండు కొట్టగానే తనంతట తానే బయల్దేరుతుంది. బలగంతో వెళ్తే ఆమె గంట ముందే 'వదులు' అనేస్తుంది.

"అందుకే నువ్వొక్కడివే," అన్నాడు చీఫ్. "ఆమె చేత ఆ ఒక్క మాట అనిపించు. ఎలా అనిపిస్తావో నాకు చెప్పొద్దు."

ల్యాబ్ ఇన్‌ఛార్జి అతనికి ఖాకీ యూనిఫాం, పెట్టుడు మీసం, తలుపులు తెరిచే కార్డు, ఒక అగ్నిమాపక సిలిండర్ ఇచ్చింది. "చూడ్డానికి మామూలుదే. గ్యాస్ మాత్రం రెట్టింపు," అంది. "మూసిన గదిలో వాడితే మనిషికి ఊపిరి అందదు. జాగ్రత్త."

వ్యాన్‌లో వెళ్తున్నంతసేపూ తాపీకి సర్వర్ గుర్తు రాలేదు, ముఠా గుర్తు రాలేదు. అన్నయ్య గుర్తొచ్చాడు.

అన్నయ్య బడిలో భూగోళం చెప్పేవాడు. చదరంగం పిచ్చి. వేరే దేశంలో ఉన్న పాత స్నేహితుడితో ఫోన్లోనే ఆడేవాడు. "గుర్రం ఎఫ్ మూడు... ఏనుగుని కదపకు... ఇవాళ్టికి రాజు క్షేమం," అంటూ వరండాలో పచార్లు చేసేవాడు. వదిన నవ్వేది.

మూడేళ్ల కిందట తాపీ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ప్రతి ట్రైనీ వారానికి ఐదు ఫిర్యాదులు పంపాలి, అది రూల్. ఆ శుక్రవారం నాలుగు పంపాడు. ఐదోది సాయంత్రం ఐదింటిలోగా వెళ్లాలి. నాలుగూ యాభై దాకా ఏమీ దొరకలేదు. 'విదేశాలతో సంకేత సంభాషణ' అనే కాలమ్ నొక్కి, అన్నయ్య పేరు రాసి పంపేశాడు. చదరంగమని రెండు నిమిషాల్లో తేలిపోతుంది, రాత్రి భోజనాల దగ్గర అందరం నవ్వుకుంటాం అనుకున్నాడు.

"మీ ఫిర్యాదు అందింది, ధన్యవాదాలు," అంది కోయిల.

రెండు నిమిషాల్లో ఏమీ తేలలేదు, అన్నయ్యని తీసుకెళ్లారు. తొంభై రోజుల తర్వాత ఒక పెట్టె వచ్చింది. అందులో అన్నయ్య కళ్లజోడు, బెల్టు, 'అనారోగ్యం' అని రాసిన కాగితం ఉన్నాయి.

ఆ రోజు నుంచి వదిన మెట్ల మీద ఎవరు ఎదురైనా ముందు వాళ్ల చేతులు చూసేది, ముఖం తర్వాత. ఏ వేలు నొక్కిందో కనిపెట్టేదానిలా. తాపీ ఆమె దగ్గరే ఉంటున్నాడు. ఆమె వడ్డిస్తే తింటున్నాడు. తన చేతుల వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

పదకొండింటికి ఆమె ఫోన్లో ఒక పేరు వస్తుంది.

పదిన్నరకి యాప్ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి సిలిండర్ని చూసి ఆవులించాడు. "మొన్ననే చెక్ చేశారుగా?"

"మొన్న చేసింది కింది ఫ్లోర్లు. పైవి నేను చెయ్యాలి. కావాలంటే మీరే చేసి సంతకం పెట్టండి, నాకూ మెట్లు తప్పుతాయి."

"ఎందుకులే బాబూ, పో."

నాలుగో అంతస్తులో కార్పెట్ అడుగుల చప్పుడు మింగేస్తోంది. చివరి గది రికార్డింగ్ స్టూడియో. బరువైన తలుపు, గోడలకి స్పాంజి పలకలు, కిటికీ లేదు. మైకు పక్కన పెద్ద స్క్రీన్, దాని మీద ఎర్ర అంకెల్లో గడియారం. పది యాభై రెండు.

ఆమె వెనక్కి తిరగలేదు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, చెవులకి ఆకుపచ్చ రాళ్లు, ముదురు నీలం గౌను.

"రండి తాపీ గారూ," అంది. "మీసం మీకు అస్సలు నప్పలేదు."

అతను మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. తలుపు వెనక్కి జారి టప్పున మూసుకుంది.

"ఇంకొక్క అడుగు వేస్తే నేనో మాట అంటాను. అదేమిటో మీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఇక్కడే ఆగాను. ఎంతిస్తున్నారు వాళ్లు?"

"పైసా అడగలేదు." అప్పుడు తిరిగింది. కళ్లకింద నల్లటి చారలు. "ఈ గదిలో ఆరేళ్లుగా నిలబడుతున్నాను. మా అమ్మని తీసుకెళ్లిన రోజు, ఆవిణ్ణి పట్టించినవాడికి ధన్యవాదాలు చెప్పింది ఎవరనుకున్నారు? నేను. నా గొంతు. వాడెవడో ఇప్పుడు నాకు తెలుసు. తమవాళ్లని పట్టించింది ఎవరో అందరికీ తెలియాలి."

"రొట్టెల దుకాణం ఆయన సంగతి తెలిసిందా మీకు?"

"విన్నాను."

"జనానికి నిజం ఇస్తున్నానంటున్నారు. చేతికి అందేది మాత్రం కత్తి."

"నీతులు మీరా చెప్పేది?" ఆమె కీబోర్డు మీద నాలుగు అక్షరాలు నొక్కింది. స్క్రీన్ మీద ఒక వరస వెలిగింది. అన్నయ్య పేరు. తేదీ. సమయం నాలుగూ యాభై ఒకటి. దాని ఎదురుగా తాపీ అసలు పేరు.

మూడేళ్లుగా ఆ అక్షరాలు అతనికి కళ్లు మూసుకుంటే కనిపించేవి. ఇప్పుడు తెరిచినా కనిపిస్తున్నాయి.

"నిజం చెప్పండి," అంది ఆమె మెల్లగా. "ఇక్కడికి దేశం కోసం వచ్చారా, ఈ వరస కోసం వచ్చారా?"

అది అతనికే తెలియదు.

"ఒక ఒప్పందం చేసుకుందాం. ఈ ఒక్క వరస చెరిపేస్తాను. మీ వదినగారి ఫోన్లో ఖాళీ పేజీ వస్తుంది. మీరు తలుపు తీసుకుని వెళ్లిపోండి. కిందికి దిగేసరికి పదకొండవుతుంది. ఆలస్యమైందని చెప్పండి, మీ పేరే తాపీ కదా." ఆమె ఒక కీ నొక్కింది. వరస మాయమైంది. "చూడండి. మాట మీద నిలబడ్డాను. బ్యాకప్‌లో కూడా లేదు."

పది యాభై ఎనిమిది.

ఆ గదిలో ఆ తర్వాతి నలభై సెకన్లు ఏం జరిగిందో తాపీ రిపోర్టులో రాయలేదు. ఏమీ జరగలేదు కాబట్టి. అతను నిలబడ్డాడంతే. తలుపు వైపు చూశాడు. మెట్లు ఎన్నో లెక్కపెట్టుకున్నాడు. ఇంటికెళ్లి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవడం, వదిన ఎదురుగా మంచినీళ్లు పెట్టడం, అంతా కనిపించింది. దానికి వెనకాల, దేశం నిండా రొట్టెలు కోసే కత్తులు.

సిలిండర్ పిన్ను లాగాడు.

తెల్లటి గ్యాస్ బుస్సుమంటూ గది నిండింది. చలి ఎముకల్లోకి దూరింది. కోయిల మైకు వైపు తిరిగి నోరు తెరిచింది, 'వ' అనే అక్షరం దగ్గరే దగ్గు ముంచుకొచ్చింది. చేతులతో మొహం కప్పుకుంది.

"ఆపండి!" అని అరిచింది. "ఆపండి, చచ్చిపోతాం!"

స్క్రీన్ మీద ఎర్ర అంకెలు కదులుతూనే ఉన్నాయి. పది యాభై తొమ్మిది, ముప్పై. ముప్పై ఒకటి. లాక్‌కి తెలిసిన మాట 'ఆపు'. అంత మర్యాదగా చెప్తే దానికి అర్థం కాదు.

తాపీకి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఊపిరి బిగబట్టి నాజిల్ ఇంకా దగ్గరికి తెచ్చాడు. నలభై ఐదు.

"అయ్యా... ఆపండి... మీకు దణ్ణం పెడతాను..."

ఆరేళ్లు ఆ గొంతు ఎవరినీ 'నువ్వు' అనలేదు. జనం మీద జనం చాడీలు చెప్తున్నా 'అండి' వదల్లేదు. యాభై రెండు. యాభై ఐదు. ఆమె మోకాళ్ల మీద పడింది, మైకు స్టాండు పట్టుకుంది. యాభై ఎనిమిది.

"ఆపరా దరిద్రుడా! ఆపు!"

స్క్రీన్ పచ్చగా మారింది. గడియారం యాభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. 'అప్‌డేట్ రద్దు' అని రెండు మాటలు వెలిగాయి.

తాపీ భుజంతో తలుపు నెట్టి, ఆమెను కార్పెట్ మీదికి లాగాడు. ఇద్దరూ పక్కపక్కనే పడి, నీళ్లలోంచి తీసిన చేపల్లా నోళ్లు తెరిచారు.

బలగం వచ్చి ఆమెకు బేడీలు వేసింది. లిఫ్టు దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. గొంతు గరగరలాడుతోంది.

"మీ పేరు నిజంగానే చెరిపేశాను. మోసం లేదు. ఇప్పుడు మీరు చెప్తే తప్ప ఆవిడకి తెలిసే దారి లేదు. అదే నేను మీకు వేసే శిక్ష."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

పన్నెండున్నరకి అతను ఇంటికెళ్లాడు. వదిన కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. భోజనానికి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకింకా తెల్లటి పొడి ఉంది.

"ఇంత తొందరగా వచ్చావేంటి అబ్బాయ్? ముఖమేంటి అలా పాలిపోయింది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది వదినా. కూర్చో."

"తిన్నాక కూర్చుంటాలే. నువ్వు చేతులు కడుక్కుని రా."

"కూర్చో వదినా."

కూర్చుంది. అతను నిలబడే చెప్పాడు. శుక్రవారం, నాలుగు ఫిర్యాదులు, నాలుగూ యాభై, కాలమ్ పేరు. అన్నీ వరసగా చెప్పాడు, ఎక్కడా తడబడలేదు. మూడేళ్లు రోజూ లోలోపల వల్లెవేసినవే.

ఆమె చాలాసేపు అతని చేతుల్నే చూసింది.

"ఐదోది దొరక్కా?" అంది చివరికి.

"ఆ."

"మీ అన్నయ్య పోయేదాకా ఒకటే అడిగాట్ట. జైల్లో పక్క గదిలో ఉన్నాయన చెప్పాడు. 'మా తమ్ముడు డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు, వాణ్ణి పిలవండి, వాడొస్తే అంతా తేలిపోతుంది' అనేవాట్ట."

తీసుకెళ్లిన మనిషి కోసం ఏడ్చినా 'పొరుగు' యాప్‌లో ఒక కాలమ్ ఉంది, 'అనుచిత దుఃఖం' అని. అందుకే ఆ పెట్టె వచ్చిన రోజు కూడా ఆమె పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది. ఇవాళ పంపు దగ్గరికి వెళ్లలేదు. కుర్చీలో అలాగే కూర్చుని, నోరు తెరిచి, మూడేళ్లది ఒక్కసారిగా, గొంతు చించుకుని ఏడ్చింది. మేడమెట్ల దాకా వినపడింది. పక్కింటి తలుపు కిర్రుమంది. పైయింట్లో కుర్చీ జరిగింది. ఎవరూ రాలేదు.

అతను ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె అతన్ని దగ్గరికి తీసుకోలేదు, పొమ్మనీ అనలేదు.

టేబుల్ మీద ఆమె ఫోన్ మోగింది. స్క్రీన్ వెలిగి, తేనెలాంటి గొంతు అంది: "మీ ఇంట్లో అనుచిత దుఃఖం ఉన్నట్టు ఒక ఫిర్యాదు అందింది. మీ పొరుగువారు మీ క్షేమం కోరుతున్నారు."

ఆ గొంతు మనిషి అప్పటికి బేడీలతో సెల్లో కూర్చుని ఉంది.

మరుక్షణమే అతని జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్ తాపీ! మంత్రిగారు చాలా సంతోషించారు. ఒక్క మాట అడగమన్నారు. ఈ గొడవలో యాప్‌కి ఏమైనా దెబ్బ తగిలిందా?"

తాపీ వదిన వైపు చూశాడు.

"ఏమీ తగల్లేదు సర్," అన్నాడు. "బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఫిర్యాదు మా ఇంటికి చేరడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు."