వీపు ముక్క మీద సంతకం

నున్నటి మాటల ఇంటి ఓనరంతటి దగాకోరు మళ్ళీ పుట్టడు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాడు, వాయిదాలు ఎగ్గొట్టాడు, పై వాటాకు తాళం వేసి చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. కింది గదిలో మిషను తొక్కుకునే టైలరు దగ్గర మాత్రం వెళ్ళే ముందు రోజు కూడా పళ్ళికిలించుకుంటూ అద్దె పుచ్చుకున్నాడు.

ఆ సంగతి టైలరుకు తెలిసింది ఒక వాన మధ్యాహ్నం. గొడుగు భుజానికి ఆనించుకుని ఒకమ్మాయి అతని తలుపుకు జిగురు రాస్తోంది.

"ఏమండోయ్! తలుపనుకున్నారా, గోడనుకున్నారా?"

"లోను కంపెనీ నోటీసు. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

"అప్పు చేసింది నేనా?"

"ఇంట్లో ఎవరూ లేరని మీ ఓనరు రాసిచ్చాడు."

"మరి నేనెవర్ని? దెయ్యాన్నా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. మెడలో టేపు, చెవి మీద సుద్ద, జుట్టు నిండా దారప్పోగులు. "అదే ఆలోచిస్తున్నా," అంది.

టైలరుకు ఒళ్ళు మండింది. నవ్వు ఆపుకోలేక ఆమె గొడుగు అడ్డం పెట్టుకోవడం చూశాక ఇంకా మండింది.

"చూడండి మాస్టారూ, అప్పుకు ముందే మీరు అద్దెకు దిగినట్టు అగ్రిమెంటుంటే, గడువు తీరేదాకా మిమ్మల్ని కదిపే హక్కు మాకు లేదు. అద్దె మాకు కడితే చాలు."

"ఉంది! రెండేళ్ళకు రాయించుకున్నా. పది నెలలే అయింది."

"ఏదీ, చూపించండి."

టైలరు గోడ మేకుకు గుచ్చిన కాగితం కటింగుల వైపు చూశాడు. అగ్రిమెంటు కాగితం దళసరిగా ఉంటుంది. గుడ్డ మీద పెట్టి గీసుకునే కటింగులకు అంత మంచి కాగితం దొరకదు.

"తొందర్లో చూసుకోలేదు మేడమ్. చంటిపిల్ల గౌనుకు కత్తిరించేశా."

ఆమె తల పట్టుకుంది. "ఉన్న ఒక్క హక్కునూ గౌను చేశారా!"

శుక్రవారంలోగా ఆమె రిపోర్టు ఇవ్వాలి. ముక్కలు దొరక్కపోతే 'అద్దెదారు లేడు' అని రాయాల్సిందే. మేకుకు గుచ్చిన కటింగులు మాత్రం వందల్లో ఉన్నాయి. తిట్టుకుంటూనే ఆమె చాప మీద కూర్చుంది.

"ఇది చెయ్యా, మెడా?"

"కాలరు! కళ్ళు కనబడవా?"

"మీరు ఐదు దాకానైనా చదివారా?"

"సరిగ్గా ఐదే. కానీ మనుషుల కొలత చూపుతోనే చెప్తా. మీ కుడి భుజం అరంగుళం కిందికుంది. బ్యాగు ఎడం వైపు వేసుకోండి."

"నా భుజం సంగతి మిమ్మల్ని ఎవరడిగారు?"

మర్నాడు బ్యాగు ఎడమ భుజానికి ఉంది. టైలరు చూశాడు. చూశాడని ఆమె కూడా చూసింది. ఇద్దరూ చప్పున కటింగుల మీద పడ్డారు.

గురువారం సాయంత్రం చేతి ముక్క మీద తేదీ, వీపు ముక్క మీద ఓనరు సంతకం దొరికాయి. అతికించి పట్టుకెళితే మేనేజరు గంటసేపు సణిగాడు, చివరికి ఒప్పుకున్నాడు.

ఆ కబురు ఆమే తెచ్చింది. "ఇంకా పద్నాలుగు నెలలు ఉండొచ్చు. అద్దె వసూలుకు నన్నే వేశారు. నెలనెలా మీ మొహం చూడాలి, నా ఖర్మ."

"నెలకోసారేనా?"

వాన చూరు మీంచి కారుతోంది. ఆమె విననట్టు నటించింది. "గడువు తీరాక?"

"ఇల్లు వెతుక్కోవాలి."

"ఒక్కరికా, ఇద్దరికా?"

టైలరు చేతిలో కత్తెర జారి కాలి పక్కన పడింది. "మీరు... ఎప్పుడూ ఇలాగే విసుక్కుంటారా?"

"మీరు కాగితాలు కత్తిరించినంత కాలం."

"అయితే ఇద్దరికే."

ఆమె నవ్వింది. ఈసారి గొడుగు అడ్డం లేదు. కానీ లోను కంపెనీ మనిషి కదా, వెంటనే అడిగింది. "కొత్తింటికి అడ్వాన్సు ఇవ్వాలిగా. మీ దగ్గర ఎంతుంది?"

"ఆ దొంగ ఓనరు చేతిలో పోసిన అడ్వాన్సే. మీ కంపెనీ ఇస్తుందా?"

"ఆ అడ్వాన్సుతో మాకు సంబంధం లేదు. వాణ్ణి పట్టుకుని అడగాల్సిందే. ఎంత?"

టైలరు పళ్ళు కొరికాడు.

"నలభై ఆరు వేల ఐదువందలు."