పక్క సందులో చల్లారిన కారు

తెల్లవారీ తెల్లవారకముందు పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని ఒక సందులో ఒక మనిషి పడి ఉన్నాడు.

కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. చుట్టూ హెడ్‌లైటు గాజు ముక్కలు.

మనిషి పేరు ఇస్సాకు. వకీలు రామానుజం దగ్గర డ్రైవరు. గుద్దింది రోజూ అతను తోలే కారే.

ఇన్‌స్పెక్టర్ శివయ్య వచ్చేసరికి సందంతా లొల్లిగా ఉంది. ఇస్సాకును అప్పటికే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆ వేళప్పుడు ఒక్క ఆటో కూడా దొరకలేదట. అరటిపండ్ల తోపుడుబండి మీద వేసుకుని పోయారు. కారేమో పక్క సందులోనే నిలబడి ఉంది. తోలేవాడు లేడు. శివయ్యకు ఒళ్ళు మండింది.

1987లో పాతబస్తీలో టర్బో కారంటే వింతే. రామానుజం ముచ్చటపడి కొన్న ఫారిన్ బండి అది. అప్పటికే ఎనిమిదేళ్ళ పాతది. కొన్నది ఆయనే గానీ, దాన్ని బతికించింది ఇస్సాకు. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ వేడెక్కేదాకా మెల్లగానే తోలేవాడు. ఆయిల్ ఎప్పుడు మార్చాలో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ ఆపే పద్ధతి. టర్బో అంటే ఇంజన్ పొగ ఊపుతో గిర్రున తిరిగే చిన్న చక్రం. బండి పరుగెత్తి వస్తే అది ఎర్రగా కాలి ఉంటుంది. అప్పుడే తాళం తిప్పి ఆపేస్తే లోపలి ఆయిల్ మాడి, బేరింగు పట్టేస్తుంది. అందుకే ఇస్సాకు బండి నిలిపాక ఇంజన్ ఆపకుండా కాసేపు కూర్చునేవాడు. క్రైస్తవుడు కాబట్టి పరలోక ప్రార్థన మెల్లగా చెప్పుకునేవాడు. ఆమెన్ అన్నాకే తాళం తిప్పడం. యజమానికీ అదే నేర్పాడు.

శివయ్య వకీలు ఇంటికి వెళ్ళాడు. కారు పోయిందని రామానుజం అప్పటికే స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?"

"గోడకు మేకు ఉంది. ఇంట్లో ఎవరైనా తీయొచ్చు."

"ఎవరి మీదైనా అనుమానమా?"

 రామానుజం తన బావమరిది సుబ్రహ్మణ్యం పేరు చెప్పాడు. ఆ ఇంట్లోనే ఉంటాడు. అడగకుండా కారు తీస్తాడు. రాత్రి ఇంటికి రాలేదు. అతనికీ ఇస్సాకుకూ పడదు కూడా.

"ఎందుకు పడదు?"

"వందసార్లు చెప్పినా వాడు వేడి బండిని టక్కున ఆపేస్తాడు. ఇస్సాకు కోప్పడేవాడు. నేనూ ఇస్సాకూ తప్ప ఈ బండిని చల్లార్చి ఆపేవాడు ఈ పట్నంలోనే లేడు ఇన్‌స్పెక్టర్ గారూ."

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

మధ్యాహ్నానికి సుబ్రహ్మణ్యం దొరికాడు. రాత్రంతా ఎక్కడున్నావంటే నీళ్ళు నమిలాడు. హెడ్ కానిస్టేబుల్‌కు అది చాలు. కేసు అయిపోయినట్టే మాట్లాడాడు. శివయ్య మాత్రం సుబ్రహ్మణ్యాన్ని లాకప్ బయటే కూర్చోబెట్టి ఆసుపత్రికి బయలుదేరాడు.

డాక్టర్లు ఇస్సాకు కాలు తీసేశారు. భార్య రాజమణి మంచం పట్టీ పట్టుకుని కూర్చుంది. ఇక అతను కారు తోలలేడని ఇద్దరికీ తెలుసు. అయినా అతని ఫికరంతా దొంగ మీదే. తెల్లవారుజాము ప్రార్థనకు పోతుంటే కారు ఎదురొచ్చిందట. లైట్లు కళ్ళలో కొట్టి, తోలేవాడి ముఖం కనిపించలేదు.

"దొంగ ఎత్కపోతుండు అనుకున్న. ఆపుదామని సందు నడిమిట్ల నిలవడ్డ. మా సారు పానం ఆ బండి మీదనే ఉంటది సారూ. వాణ్ణి పట్టుకోండ్రి."

శివయ్య మళ్ళీ సందుకు వచ్చాడు. కారు నిలిచిన చోట ఇల్లు రుక్మాబాయిది. ఇస్సాకును మొదట చూసింది ఆమే. కారు వచ్చి తన కిటికీ కింద ఆగిందనీ, ఇంజన్ చాలాసేపు గుర్రుమంటూనే ఉందనీ చెప్పింది.

"ఇస్సాకు అన్నానికి ఇంటికొస్తే రోజూ గట్లనే ఉంటది గద. మన ఇస్సాకే వచ్చిండనుకున్న. ఇంజన్ ఆగింది. అప్పుడు పక్క సందులకెల్లి మూలుగు ఇనబడ్డది. నేను తలుపు తీసేలోపల ఎవరో నడుసుకుంట పోయిండ్రు."

"ఉరికిండ్రా, నడిసిండ్రా?"

"నడిసిండ్రు సారూ. నిమ్మళంగ."

సాయంత్రం ఇస్సాకు మంచం దగ్గరికి శివయ్య అందరినీ రప్పించాడు. రామానుజం ఆపిల్ పండ్లు తెచ్చాడు. సుబ్రహ్మణ్యం ముఖం వేలాడేసుకుని మూలన నిలబడ్డాడు. తాను పేకాటలో కూర్చున్నానని, భార్యకు తెలుస్తుందని దాచానని అప్పటికి ఒప్పుకున్నాడు.

"ఆ మాట నిజమో కాదో నాకు అక్కర్లేదు," అన్నాడు శివయ్య. "మనిషిని గుద్దిన దొంగ బండి వదిలి ఉరుకుతడు. సుబ్రహ్మణ్యం అయితే వేడి బండిని టక్కున ఆపేస్తడు. కానీ ఈ బండిని గుద్దినంక కూడా చల్లార్చి ఆపిండ్రు. అట్ల ఆపేటోళ్ళు ఈ పట్నంలో ఇద్దరే అని మీరే చెప్పిండ్రు వకీలు సాబ్. ఒకడు ఈ మంచం మీద ఉన్నడు."

రామానుజం చేతిలోని పండ్ల సంచి కింద పెట్టాడు. ఒప్పుకున్నాడు. అలవాటైన చెయ్యి అతన్ని పట్టించింది.

ఇస్సాకుకు చెప్పకుండా కారు అమ్మేయాలనుకున్నాడట. తెలిస్తే అతను ఏడుస్తాడని, తెల్లవారకముందే కొనేవాడికి చూపించడానికి తీశాడు. సందులో ఇస్సాకును చూశాడు. పక్కనుంచి తప్పించుకుపోదామని యాక్సిలరేటర్ తొక్కాడు. టర్బో బండి తొక్కగానే ఉరకదు. ఒక క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా ఎగబడుతుంది. బ్రేక్ అందలేదు. భయంతో మలుపు తిరిగి, కారు వదిలేసి, దొంగతనం అన్నాడు.

"యాక్సిడెంట్ ఇస్సాకూ. నీ ఇల్లు నేను చూసుకుంటాను. నువ్వు ఒక్క మాట చెప్పు."

 ఇస్సాకు యజమాని ముఖంలోకి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు లేవు. 

"గుద్దుడు యాక్సిడెంటే సారూ. మీరు బండిల కూసున్నప్పుడు నేను మొత్తుకుంటున్న. ఇంజన్ ఆగినంక మళ్ళ పిలిచిన. ఇనబడ్డదా?"

రామానుజం అబద్ధం చెప్పలేకపోయాడు. వినబడిందని తల ఊపాడు.

ఇస్సాకు శివయ్య వైపు తిరిగాడు.

"రాసుకోండ్రి సారూ. గుద్దిండని కాదు. ఇని పోయిండని రాయుండ్రి."