కల్లంలో మావాళ్ళు

పరాయివాళ్ళ తాతముత్తాతలను వెతికిపెట్టడం నా బతుకుతెరువు. గుంటూరు బ్రాడీపేటలో, అద్దె గదిలో, లాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికావాళ్ళకి వంశవృక్షాలు తయారుచేస్తుంటాను. నవ్వకండి, దానికీ జీతమిస్తారు.

ఆ నెల పని ఎడిత్ గారిది. ఫిలడెల్ఫియా ముసలావిడ, క్వేకరు. క్వేకర్లంటే ఒక తెగ క్రైస్తవులు. వాళ్ళ ప్రార్థనకి పాస్టరుండడు, పాటుండదు. గుండ్రంగా కూర్చుని నోరు మెదపకుండా ఉంటారంతే. అమెరికాలో ఇంగ్లండు రాజుల పాలన నాడు ఆవిడ ముత్తాతలు పెన్సిల్వేనియా నుంచి వర్జీనియాకి, అక్కణ్ణుంచి కరొలైనాకి ఎలా వలసపోయారో ఊరూరా పట్టుకున్నాను. ఒకళ్ళు కదిలితే అందరూ కదిలేవాళ్ళు. ఎవర్నీ వెనక వదిలేవాళ్ళు కాదు.

అది చూస్తుంటే నాకు కడుపు మండింది. మా అమ్మ సుగుణమ్మ పోయాక నాకు నా అన్నవాళ్ళు లేరు. క్రిస్మస్‌కి కేకు కొంటే వారం దాకా నేనొక్కదాన్నే తినాలి. "మనవాళ్ళు చీమకుర్తి వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చారే" అనేది అమ్మ. అంతకుమించి ఒక్క ముక్క తెలీదు. ఎవరెవరి వాళ్ళనో వెతుకుతానే, నావాళ్ళు ఒక్కరైనా దొరకరా? మార్చిలో ఓ రోజు బస్సెక్కేశాను.

అమ్మ పేరు చెప్పి అడగ్గా అడగ్గా చర్చి పెద్ద సాల్మన్ గారు దొరికారు. "మీవాళ్ళ పాలెం ఆ చేల అవతల ఉండేదమ్మా. ఇప్పుడేం మిగల్లేదనుకో. గేదెను కట్టేసి వచ్చి చూపిస్తా, ఆగు" అన్నారు. నేను ఆగితేగా! పొద్దు వాలుతోంది, తిరుగు బస్సు పోతుందని గట్టు వెంట ముందే నడిచేశాను.

రెండు పక్కలా కోతలైపోయిన మిరప చేలు. దూరంగా గ్రానైట్ లారీల రొద. కాస్త నడిచేసరికి ఆ రొద ఆగిపోయింది. ఎదురుగా కల్లం. ఎండుమిరపకాయల రాశి ఎర్రగా మెరుస్తోంది. చుట్టూ గోనెపట్టాల మీద ఆడా మగా కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. మాటల్లేవు. పాటో తిట్టో లేకుండా కల్లంలో పని జరగడం నేనెన్నడూ చూడలేదు. అచ్చం క్వేకర్ల ప్రార్థనలా ఉందే అని నవ్వుకున్నాను కూడా.

ఒక ముసలామె తలెత్తింది.

"ఎవరి పిల్లవే?" గుసగుసలా అడిగింది.

"సుగుణమ్మ కూతుర్నండి. ఆరాధన."

"మా సుగుణ బిడ్డా..." ఆమె చేతులు ఆగిపోయాయి. అందరి చేతులూ ఆగాయి. "నీ కోసమే చూస్తున్నామే తల్లీ. మీ అమ్మమ్మకి అక్కని."

నా కళ్ళు జలజలా కారిపోయాయి. ఇంత వయసొచ్చిన మనిషిని, సిగ్గులేకుండా ఏడ్చాను.

వరసలో ఒకచోట ఖాళీగా ఉంది. ఆమె ఆ పట్టాని అరచేత్తో దులిపింది.

"కూర్చో. ఇది నీ చోటే."

కూర్చునేదాన్నే. ఇంతలో బస్సు గుర్తొచ్చింది. ఉత్తినే వచ్చేస్తే ఏం బాగుంటుంది? మనం ఎవరింటి గుమ్మం దిగినా అనే మాటే అన్నాను.

"ఇప్పుడు కాదమ్మమ్మా. మీరే మా ఇంటికి రండి. తీరిగ్గా కూర్చుందాం."

"అందరమా?"

"అయ్యో, అందరూ రండి!"

ఆమె నవ్వింది.

గట్టు మీద సాల్మన్ గారు ఎదురొచ్చారు. "కల్లంలో మావాళ్ళు దొరికారండీ!" అన్నాను సంబరంగా. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అటు కల్లమెక్కడిదమ్మా? అది మీ పాలెంవాళ్ళ సమాధుల దొడ్డి. ఈస్టరుకి సున్నం కొట్టి కొవ్వొత్తి పెట్టే దిక్కు కూడా లేదు."

వెనక్కి తిరిగి చూశాను. సర్కారు తుమ్మచెట్లు. అంతే.

అప్పుడు తట్టింది... అంత రాశి పక్కన నిలబడి నేను ఒక్కసారైనా తుమ్మలేదు. ఘాటు లేదు. అసలు వాసనే లేదు.

"వెళ్ళొస్తానని గాని అన్లేదు కదా?" ఆయన గొంతు తగ్గించారు. "సమాధుల దగ్గర ఆ మాట అనకూడదు."

"అనలేదండీ" అన్నాను. నిజమే. ఆ మాట అనలేదు.

ఇంటికొచ్చి, గొళ్ళేలన్నీ పెట్టి, లైటు ఆర్పకుండా పడుకున్నాను. ఏమీ కాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త దిగులేసింది కూడా.

పొద్దున్నే పచ్చడి కోసం ఎండుమిరపకాయలు వేయించాను. నల్లగా మాడాయి. గదంతా పొగ. దగ్గు రాలేదు... ఘాటు లేదు.

పొయ్యి ఆపేశాను. ఎవరిదైనా మనిషి గొంతు వినాలనిపించి ఎడిత్ గారికి వీడియో కాల్ చేశాను. ఆవిడ పలకరించబోయి ఆగిపోయింది.

"అయ్యో, ప్రార్థనలో ఉన్నట్టున్నారు. తర్వాత మాట్లాడతాలే" అంది మెల్లగా.

"ప్రార్థనేంటండీ? నేనొక్కదాన్నే ఉన్నాను."

తెర మూలన నా బొమ్మ కనిపిస్తోంది. నా వెనక వట్టి గోడ. ఆవిడ మాత్రం నా భుజం మీదుగా చూస్తోంది. ముఖంలో భయం లేదు, భక్తి ఉంది.

"ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నారు! మీవాళ్ళా?"

నేను తిరగలేదు. తిరగలేకపోయాను. వెనక... నేల మీద... ఎవరో అరచేత్తో దులుపుతున్న చప్పుడు.

"వెళ్ళు తల్లీ" అంది ఎడిత్ గారు. "నీ చోటు ఖాళీగానే ఉంచారు."