మెట్లకింది ప్రింటరు

ఆ ఇంట్లో మెట్లకింది గదికి మంచి పేరు లేదు. పెద్దాయన ఊళ్లోవాళ్ల అర్జీలు టైపు చేస్తూ, ఓ సాయంత్రం అక్కడే కుర్చీలో ఒరిగిపోయాడు. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ తలుపు ఎవరూ తీయరు. లోపల ఆయన ప్రింటరు మాత్రం... ఆపే దిక్కులేక, పచ్చలైటుతో మేలుకునే ఉంటుంది.

ఇది మా బావ చెప్పగా విన్నది. బావ ఇళ్లకి వైఫై లైన్లు వేస్తాడు. ఆయనకి దెయ్యాల మీద నమ్మకం లేదు. కస్టమర్ల మీదా లేదు.

పెద్దాయన పోయిన నెలకే కొడుకులిద్దరికీ చెడింది. కింద అన్న, పైన తమ్ముడు. మాటల్లేవు. చివరికి ఇంటర్నెట్టు కూడా పంచుకున్నారు — ఎవరి రౌటరు వాళ్లది, ఎవరి నెట్‌వర్కు వాళ్లది. ప్రింటరు కింది వాటాకి పోయింది. పైనుంచి ఎంత నొక్కినా దానికి అందదు. ఏడు నెలలు అలాగే గడిచాయి.

ఆ రోజు అన్నగారి భార్య బావని గుమ్మంలోనే ఆపి గుసగుసలాడింది. "పైన పిల్లకి స్కూలు ప్రాజెక్టట. మా ఆయనకి తెలియకుండా, పైనుంచి ఈ ప్రింటరుకి ఏదైనా దారి పెట్టు బాబూ."

బావ రెండు రౌటర్ల మధ్యా వైరు లాగి దారి పెట్టాడు. సామాను సర్దుకుంటున్నాడు. రాత్రి ఎనిమిదైంది...

మూసిన గదిలో — కిర్రుమని చప్పుడు.

ఒక కాగితం... ఇంకోటి... ఆగడం లేదు. అప్పుడే ఇంటికొచ్చిన అన్నగారు ప్రాణాలు అరచేత పట్టుకుని తలుపు తోశాడు. మొదటి కాగితం తీసి చదివాడు.

"అన్నయ్యా, తప్పు నాదే."

రెండోదీ అదే. మూడోదీ... మొత్తం పదిహేడు.

"దెయ్యం కాదండీ," అన్నాడు బావ. "మీ తమ్ముడుగారు. ఎలాగూ ఇక్కడికి రాదన్న ధైర్యంతో రాసి ప్రింటు కొట్టుకున్నట్టున్నారు. వెళ్లని కాగితం ఎక్కడికీ పోదు, కంప్యూటర్లో వరసలో నిలబడి ఉంటుంది. ఇవాళ దారి దొరికింది, దిగింది."

అన్నగారు కాగితాలన్నీ ఒకచోట చేర్చాడు. ఫోను పట్టుకుని గోడవైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమోనని బావ మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

ప్రింటరు మళ్లీ కదిలింది. పద్దెనిమిదోది.

"చిన్నోడా, కిందికి రా. అన్నతో కలిసి భోంచెయ్యి. — నాన్న."

అన్నగారి భార్య కెవ్వుమంది. ఆ కేకకి, ఏడు నెలలుగా ఆ గుమ్మం తొక్కని తమ్ముడు చెప్పుల్లేకుండా దిగొచ్చాడు. కాగితం చూసి కూలబడ్డాడు.

"చిన్నోడా అని... నాన్న ఒక్కడే పిలిచేవాడు..."

"నాన్న మాట కాదంటావా?" అన్నాడు అన్న. "లే. ఆకలేస్తోంది."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. తినడం అయ్యాక కూడా ఎవరూ లేవలేదు.

బావ లాప్‌టాప్ తెరిచి ఏ కాగితం ఎక్కణ్నుంచి వచ్చిందో చూశాడు. పదిహేడు పై నెట్‌వర్కు నుంచి. పద్దెనిమిదోది కిందినుంచే... అన్నగారి ఫోను నుంచి. నోరు మెదపకుండా మూసేశాడు.

వెళ్తూ అడిగాడు: "ఈ దారి ఉంచమంటారా, తీసేయమంటారా?"

అన్నగారు తమ్ముడివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఉండనీ... నాన్నకి వాడు జవాబు రాసుకోవాలిగా."