ఒక్క క్యారెట్ ఇస్తారా?

"ఒక్క క్యారెట్. ఒక్క వంకాయ. ఒక్క టమాటా, తొడిమ ఊడకుండా."

కూరగాయల కొట్టు కుర్రాడికి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచీ వాన, బేరాల్లేవు. వచ్చిన ఒక్క మనిషీ క్యారెట్‌ని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూస్తోంది.

"మేడమ్, ఇది నగల కొట్టు కాదు."

"అందుకేగా బేరమాడట్లేదు!" అంది ఆమె, చెవి వెనక పెన్సిలు సర్దుకుంటూ.

ఆమె బొమ్మలు వేస్తుంది. ఇప్పుడు ఒక డాక్టరుగారు అడిగితే ఆసుపత్రి గోడకి పోస్టరు వేస్తోంది. ఎదురుగా అసలు కాయ లేకపోతే చెయ్యి కదలదట.

మర్నాడు ఒక బీట్‌రూట్. ఆ తర్వాత నాలుగే నాలుగు పాలకూర ఆకులు. కుర్రాడు విసుక్కుంటూనే, బుట్టలన్నీ వెతికి అందమైన కాయలు ఆమె కోసం దాచడం మొదలెట్టాడు. గల్లా దగ్గర కూర్చున్న తండ్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇంతకీ ఇవన్నీ మీరు తింటారా?"

"ఛ! గీసేసి పక్కింటావిడ కుందేలుకి పెడతా. నాకు చిప్సే ప్రాణం."

"మరి పోస్టరు?"

"జనం ఆరోగ్యం ముఖ్యం కదండీ!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె చిత్తు బొమ్మ తీసి చూపించింది. కాయల కింద పెద్ద అక్షరాలు: 'ఇవి తింటే క్యాన్సర్ రాదు.'

అతని నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మ ఈ కొట్లోనే కూర్చునేది. రోజూ ఇవే తినేది. అయినా ఆ జబ్బు వచ్చింది, అమ్మ పోయింది. ఇది చదివినవాళ్ళు ఆవిడే సరిగ్గా తినలేదనుకోరూ?"

ఆమె కాగితం మడుచుకుని వానలోనే వెళ్ళిపోయింది. గొడుగు కొట్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత రాలేదు. అన్న మాటలో తప్పు లేదు, అన్న తీరే మరీ కటువుగా ఉందని కుర్రాడు మథనపడ్డాడు. గొడుగు ఇచ్చొద్దామంటే ఇల్లు తెలీదు. దాచిన కాయలు వాడిపోతే కొత్తవి దాచాడు. ఆమె ఇక రాదేమో అనుకుంటేనే గుండె బరువెక్కేది. ఆమె అంటే తనకి ఇంత ఇష్టమని అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం తడిసి ముద్దయి వచ్చింది. సంచీలోంచి పోస్టరు తీసి బల్ల మీద పరిచింది. కొత్త అక్షరాలు. 'రంగురంగుల కూరగాయల్లో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. రోజూ తింటే క్యాన్సర్ ముప్పు తగ్గడానికి సాయపడొచ్చు. ఒకవేళ వస్తే, అది మీ తప్పు కాదు.'

"డాక్టరుగారితో పోట్లాడారా?"

"పోట్లాటెందుకు? మీ అమ్మగారి సంగతి చెప్పా. పాత మాట ఎవరో తొందరలో రాసేశారట. చివరి వాక్యం డాక్టరుగారే దగ్గరుండి రాయించారు."

అతను ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. తండ్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే బొమ్మ అయిపోయింది. ఇక రారన్నమాట."

"ఒక్క క్యారెట్ కోసమైతే రాను. అరకిలో కావాలి."

"కుందేలుకా?"

"నాకే. కానీ వండటం రాదు. మీకొచ్చా?"

"వచ్చు."

"అయితే ఇద్దరికి సరిపడా తూచండి. ఇవాళ ఒక్కరోజుకే కాదు, రోజూ."

కుర్రాడి చేతిలో క్యారెట్లు జారి బల్ల కిందకి దొర్లాయి. ఏరుకోవడానికి వంగినవాడు నవ్వు ఆపుకోలేక పైకి లేవలేదు.

గల్లా దగ్గర్నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"ఒరేయ్, ముగ్గురికి తూచరా! నేనేం చిప్స్ తిని బతకాలా?"